గుండిగ కాడి మనిషి

దిల్షాద్ బేగం కన్నతండ్రిని తిండి పెట్టకుండా చంపుతున్నదట. ఈ మాట పక్కింటి లచ్చమ్మ తన చెవులారా విన్నదట. విని పాలు పోసే మల్లేశంతో అన్నదట. మల్లేశం ఇల్లిల్లూ తిరిగి పాలతో పాటు ఇదీ పోసి పోయాడు. జనగామలోని ఆ వాడకట్టుకు పాలు ఎప్పుడూ పల్చగానే వస్తాయి. ఆ వారం కబురు మాత్రం చుక్క నీళ్లు కలవకుండా వచ్చింది.

లచ్చమ్మ విన్నది ఇదీ. మిట్టమధ్యాహ్నం దండెం మీద బట్టలు ఆరేస్తుంటే గోడవతలి కిటికీలోంచి దిల్షాద్ గొంతు వినబడింది. ముసలోనికి ఒక్క గింజ పెట్టేది లేదన్నది. మొత్తుకుంటే మొత్తుకోనీ అన్నది. వాడు పోతేనే మిగిలినోళ్లు బతుకుతారన్నది. ఆ ఇంట్లో ముసలాయన అంటూ ఉన్నది ఒక్కడే, ఫకీర్ అహ్మద్. బజారులో గడియారాలు బాగుచేసి బాగుచేసి, చూపు తగ్గినంక కూతురి దగ్గర చేరిన మనిషి. చూస్తే ఎండిన కందికట్టెలా ఉంటాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

నిజం చెప్పాలంటే లచ్చమ్మ ఒక్క మాట కూడా కల్పించలేదు. దిల్షాద్ ఆ మాటలన్నీ అన్నది, ఇంకో నాలుగు ఎక్కువే అన్నది. కాకపోతే ఆ ముసలాయన ఫకీర్ అహ్మద్ కాదు. కంప్యూటర్‌లో, ఒక పాత పత్తిమిల్లు గేటు బయట, భుజాన గొంగడి వేసుకొని నిలబడ్డ బొమ్మ.

దిల్షాద్ కూతురు కహ్కషాన్ డిగ్రీ చదివి, సెల్‌ఫోన్ల దుకాణం పైన ఉన్న గదిలో మరో నలుగురితో కలిసి ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నది. పేరు ‘వాన దాకా’. లోకమంతా పాడుబడింది. ఏండ్ల తరబడి వానల్లేవు. ఊళ్లు ఖాళీ అయినాయి, కరెంటు పోయింది, సర్కారు పోయింది. ఒక పాత పత్తిమిల్లులో కొంతమంది తలదాచుకున్నారు. వాళ్లకొక పెద్ద కావాలి. ఆట ఆడేవాళ్లే ఆ పెద్ద. బోరులో నీళ్లున్నాయి, గోదాములో కొన్ని బస్తాల జొన్నలున్నాయి. రోజూ ఎవరో ఒకరు వచ్చి గేటు కొడతారు. గేటు తీయాలా వద్దా, ఎవరికెంత పెట్టాలి, గోదాములో ఎంత మిగిలిందో లోపలివాళ్లకు నిజం చెప్పాలా దాచాలా, అంతా పెద్ద చేతిలోనే. వాన పడితే ఆట అయిపోతుంది. ఆ వాన ఏ రోజు పడుతుందో తయారుచేసినవాళ్లకు కూడా తెలియదు. ప్రతి ఆటకూ మిషనే ఒక రోజును ఎంచుకొని కడుపులో దాచుకుంటుంది.

ఆట బజారుకెక్కకముందు ఎవరైనా ఆడి లోపాలు చూపెట్టాలి. కహ్కషాన్ తల్లి ముందర లాప్‌టాప్ పెట్టింది. ఇంట్లో తల్లీబిడ్డలు మాట్లాడుకునేది ఉర్దూలో. ఆట తెలుగులో ఉండేసరికి దిల్షాద్ దాన్ని తెలుగులోనే తిట్టేది. లచ్చమ్మకు అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది అందుకే.

ఇక దిల్షాద్ చేసే పని గురించి చెప్పాలి. ఆమె పని విందుల్లో, వంట వండిన పెద్ద గుండిగ కాడ కూర్చోవడం. ఆ చుట్టుపక్కల, బచ్చన్నపేట దాకా, నిఖా అయినా లగ్గమైనా పురుడైనా దినమైనా, వండేవాళ్లు వేరు, వడ్డించేవాళ్లు వేరు. ఆ ఇద్దరి మధ్యన గుండిగ పక్కకు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చునే మనిషి వేరు. ఏ బకెట్‌లో ఎన్ని ముక్కలు పడాలి, ఏ బంతికి ఎంత బగార అన్నం పోవాలి, ఎప్పుడు మూత తీయాలి, ఎప్పుడు మీద గుడ్డ కప్పాలి, అన్నీ ఆ మనిషి చేతి గరిటె చెప్పాలి. చేయి జారితే ఆఖరి బంతికి మెతుకుండదు. చేయి బిగిస్తే మొదటి బంతిలోనే ఇంటివాళ్ల పేరు పోతుంది. భర్త చనిపోయినప్పటి నుంచి దిల్షాద్ కూర్చున్న దావత్‌లో ఆకలితో లేచిపోయినవాడు లేడు. పిలిచినవాడా పిలవనివాడా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. పందిట్లోకి వచ్చి కూర్చున్నాడంటే విస్తరాకు పడవలసిందే.

ఆటలోనూ అదే చేసింది. గేటు బార్లా తీసి పెట్టింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు లోపలికి. పైగా కొత్తగా వచ్చినవాళ్లకు ముందు పెట్టి, లోపలివాళ్లకు తర్వాత పెట్టింది. ఇంటివాళ్లు ఆఖరి బంతిలో కూర్చోవడమే కదా పద్ధతి. గొంగడి ముసలాయన వస్తే చెట్టుకింద మంచం వేయించి, అందరికంటే ముందు ఆయన చేతికే జొన్నరొట్టె అందించింది. జొన్నలు కళ్ల ముందే కరిగిపోయినాయి. లోపలివాళ్లు ఒకరినొకరు కొట్టుకొని, మిగిలినవాళ్లు పడిపోయి, ఆఖరికి తెర మీద ఒక్క కాకి మిగిలింది.

కహ్కషాన్ పడీపడీ నవ్వింది. ఇప్పటిదాకా ఆట చూసిన ఏ ఒక్కరూ ఇంత తొందరగా ఊరిని చంపలేదన్నది. ‘‘అమ్మీ, గిది దావత్ కాదు. రేప్పొద్దుగాల దుకాణం తెరిసి ఉండదు’’ అన్నది.

దిల్షాద్‌కు రోషం పొడుచుకొచ్చింది. తన చేతి కింద తిండి తక్కువపడి మనుషులు పోవడమంటే, బొమ్మలైతే మాత్రం, అంతకన్నా తలవంపులు ఉంటాయా? మళ్లీ ఆడింది. మళ్లీ కాకి. మళ్లీ ఆడింది. మధ్యాహ్నం పని లేని వేళంతా ఆటకే పోయింది. మెల్లగా ఆమెకు తెలిసివచ్చింది: గేటు ఒక రోజు మూయాలి. మరీ ముందు మూస్తే పనిచేసే చేతులు చాలవు, బోరు పాడైతే బాగుచేసేవాళ్లుండరు. ఆలస్యమైతే గింజలు చాలవు. మూసిన తర్వాత వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్లలో ముసలాయన ఒకడు.

మొదటిసారి ఆయన ముందు గేటు మూసిన రోజు దిల్షాద్‌కు అన్నం దిగలేదు. రెండోసారి ఆయన మొత్తుకుంటుంటే సౌండు తగ్గించింది. మూడోసారి చేయి వణకలేదు. వణకనందుకు కాసేపు తన చేతిని తానే చూసుకుంది. లచ్చమ్మ బట్టలు ఆరేసింది ఆ రోజే.

కబురు వాడకట్టు దాటి ఎల్లస్వామి దాకా పోయింది. ఎల్లస్వామిది ఊరి చివర పెద్ద ఫంక్షన్ హాలు. జనగామలో సగం దావత్‌లు అక్కడే. ఆయన వద్దన్న మనిషిని ఇంకెవరూ పిలవరు. మూఢం పోగానే ఆయన బిడ్డ రూప లగ్గం ఉంది. గుండిగ కాడ దిల్షాద్ కూర్చోవాలని అప్పటికే మాట అయింది. అలాంటిది వంటమనిషి చేత కబురంపాడు: దిల్షాదమ్మ ఈసారి పరేషాన్ కావద్దు, వేరే మనిషిని చూసుకున్నామని. తండ్రికి పెట్టని చేయి పెండ్లి గుండిగ మీద ఉంటే శుభమా అని ఆయన భార్య అన్నదట. ఇది కూడా మల్లేశమే మోసుకొచ్చాడు.

దిల్షాద్ ఇంట్లోకి వచ్చి చూస్తే ఫకీర్ అహ్మద్ మంచం మీద గోడకు ఆనుకొని, పేపర్లో చుట్టిన బూరెలు తింటున్నాడు. ఆయనకు చక్కెర వ్యాధి. ఇంట్లో తీపి వస్తువు కంటికి కనబడనీయదు దిల్షాద్. వారం నుంచి వాడకట్టు ఆడవాళ్లు జాలిపడి ఆమె లేని సమయం చూసి ఒకరు సర్వపిండి, ఒకరు బూరెలు, ఒకరు గిన్నెడు డబల్ కా మీఠా తెచ్చి ఇచ్చిపోతున్నారు. ఈయన ఎవరితోనూ ఏమీ అనలేదు. కండ్లు తుడుచుకొని తిన్నాడు, అంతే.

‘‘అబ్బాజాన్, నేను నీకు తిండి పెడ్తలేనా?’’

‘‘పెడ్తున్నవు బేటీ. చక్కెర లేకుండ పెడ్తున్నవు.’’

‘‘మరి గా మాట లచ్చక్కకు చెప్పరాదు?’’

‘‘చెప్తె బూరెలు బందైతయి’’ అన్నాడు ముసలాయన, చేయి తుడుచుకుంటూ.

తానే పోయి లచ్చమ్మకు చెప్పింది దిల్షాద్. పక్కన లాప్‌టాప్ కూడా పట్టుకుపోయింది. ఇదిగో ముసలాయన, ఇదిగో గొంగడి, ఇది బొమ్మ అని చూపెట్టింది. లచ్చమ్మ కండ్లద్దాలు పెట్టుకొని అటు చూసి ఇటు చూసి, తెరను వేలితో తాకి, తాను పొరపాటు పడిన సంగతి ఒప్పుకుంది. అయితే అక్కడితో ఊరుకోలేదు.

‘‘బొమ్మనే అనుకో. బొమ్మకైనా గా మాట నీ నోట్లకు ఎట్లొచ్చింది?’’ అన్నది.

ఆ మాట దిల్షాద్‌ను ఇంటిదాకా తరిమింది. ఎట్లొచ్చిందో చూపించాలనుకుంది. ఒక్క లచ్చమ్మకే కాదు, ఎల్లస్వామికి, ఆయన భార్యకు, బూరెలు తెచ్చినవాళ్లందరికీ. ఒక్కొక్కరి గడపకూ పోయి చెప్పుకుంటే సాకు అంటారు. అందరూ ఒక్కచోట కూర్చుని చూస్తే సాకు కాదు.

అందుకు తావు కూడా దొరికింది. మూఢంలో లగ్గాలు లేక ఎల్లస్వామి హాలు ఖాళీగా ఉంది. కహ్కషాన్ వాళ్లు దాన్ని ఒక రోజుకు తీసుకొని, లగ్గాల్లో వీడియో చూపించే పెద్ద తెర మీద తమ ఆటను జనం ముందు పెట్టాలనుకున్నారు. మూడు జిల్లాల నుంచి, ఇంటి దగ్గర ఆడి అందరికంటే ఎక్కువ రోజులు ఊరిని నిలబెట్టినవాళ్లను ఒక్కొక్కరిని పిలిచారు. మహబూబాబాద్ నుంచి సుజాత, దవాఖానలో నర్సు. భూపాలపల్లి నుంచి మాజిద్, కాలేజీ కుర్రాడు. జనగామ నుంచి అందరికంటే ముందున్నది దిల్షాద్ బేగం. వాన దాకా చేరినవాళ్లు మాత్రం ముగ్గురిలో ఒక్కరూ లేరు. అసలు ఇప్పటిదాకా ఎవరూ లేరు.

కహ్కషాన్ ఒప్పుకోలేదు. మా అమ్మే ఆడితే మనమే గెలిపించుకున్నామంటారు అని మొండికేసింది. ఆమెతో కలిసి పనిచేసే ఐలేశ్‌ది కొత్తగూడ. తక్కువ మాట్లాడతాడు, తెగ్గొట్టి మాట్లాడతాడు. వాన రోజు మనకే తెలవనప్పుడు అమ్మకెట్ల చెప్తవు, ఆడనీ అన్నాడు. అక్కడితో అది తేలింది.

ఆ రోజు పొద్దున హాల్లోకి పోయేముందు కహ్కషాన్ తల్లిని పక్కకు పిలిచి బతిమాలింది. ‘‘అమ్మీ, ముసలాయన వస్తె గేటు తియ్యి. ఓడిపోతె ఓడిపోతవు. ఇంతమంది ముంగట ఆయనను బయట నిలబెడ్తె ఇంక నీ పేరు ఉంటదా?’’

‘‘తీస్తె మాత్రం పేరుంటదా?’’ అన్నది దిల్షాద్. ‘‘తిండి సరిపెట్టరాని మనిషిని గుండిగ కాడికి ఎవ్వలు పిలుస్తరు?’’

అదీ ఆమె చిక్కు. గేటు తీస్తే మంచి మనిషి అంటారు, పనికి పిలవరు. మూస్తే పని తెలిసిన మనిషి అంటారు, చేతిని చూసి జంకుతారు. ఏం చేయాలో ఆమె తేల్చుకోలేదు. కుర్చీ మాత్రం ఎర్ర ప్లాస్టిక్‌దే కావాలని అడిగింది.

హాలు నిండింది. చాయ్ ఉత్తగనే ఇస్తున్నారని తెలిసి వాడకట్టంతా వచ్చింది. ముందు వరసలో లచ్చమ్మ, ఆమె పక్కన ఎల్లస్వామి, ఆయన పక్కన ఫకీర్ అహ్మద్, ముసలాయన చేతిలో మిర్చి బజ్జీల ప్లేటు. తెరను మూడు భాగాలు చేశారు. మూడు పత్తిమిల్లులు, ముగ్గురు పెద్దలు, ముగ్గురికీ ఒకే రోజు వాన. ఎవరి దగ్గర ఎక్కువమంది ఆ వానలో తడిస్తే వాళ్లది గెలుపు.

మాజిద్ మొదటి రోజే గేటుకు తాళం వేశాడు. తుపాకులు పోగుచేసి పక్క ఊళ్ల మీద పడ్డాడు. తెచ్చినవి తెచ్చినట్టు లోపల గుట్ట పెట్టాడు, పోయినప్పుడల్లా మనుషులను పోగొట్టుకున్నాడు. ముసలాయన ఎప్పుడు వచ్చాడో ఎప్పుడు పోయాడో అతను చూడనేలేదు. ఆ సమయానికి వేరే ఊరి గోడ దూకుతున్నాడు. వెనక వరసల్లో ఈలలు మోగాయి.

సుజాత గేటు మూయనేలేదు. అందరికీ సమానంగా కొలిచింది. గోదాములో ఎంతుందో రోజూ పొద్దున పిలిచి చెప్పింది. ముసలాయన వచ్చినప్పుడు ఆమె గేటు తీసి, ఆయనను చెయ్యిపట్టి లోపలికి తీసుకొస్తుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. లచ్చమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

ఆ చప్పట్లు ఇంకా ఆగకముందే దిల్షాద్ గేటు దగ్గరకు కూడా ముసలాయన వచ్చాడు.

ఆమె గేటు మూసి అప్పటికి చాలా రోజులైంది. లోపల నిండా జనం. పొయ్యిలు ఇంటింటికీ వేరుగా పెట్టనీయకుండా ఒక్కటే పెద్ద గుండిగ పెట్టించింది. ఒక్కచోట వండితే దొంగతనం ఉండదు, కట్టెలు తక్కువ. పిల్లలకు ముందు, బోరు తోడేవాళ్లకు తర్వాత, మిగిలినవాళ్లకు ఆ తర్వాత. ఎవరికీ కడుపు నిండదు, ఎవరూ పడిపోరు. ఆ లెక్కలోకి ఇంకొక్క నోరు పట్టదు. పట్టదని ఆమె గరిటెకు తెలుసు.

ముసలాయన గేటు కమ్మీలు పట్టుకొని, ‘‘అవ్వా, బుక్కెడు బువ్వ’’ అన్నాడు. పెద్ద స్పీకర్లలో ఆ గొంతు హాలు నలుమూలలకూ పోయింది. ఇక్కడ సౌండు తగ్గించే వీలు లేదు. తీయమ్మా తియ్యి అని ఎవరో అరిచారు. దిల్షాద్ చేయి మీట మీద ఆగింది. కహ్కషాన్ కండ్లు మూసుకుంది.

దిల్షాద్ గేటు తీయలేదు. కమ్మీల్లోంచి నీళ్ల చెంబు అందించింది. నీళ్లు ఉన్నాయి కాబట్టి అందించింది.

హాలు గుసగుసలాడింది. ముసలోనికి పెట్టలేదంటే నిజమే అన్నట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఫకీర్ అహ్మద్ ప్లేటు పైకెత్తి, ‘‘నాకైతె బజ్జీలు అందినయ్’’ అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. ఎల్లస్వామి కూడా నవ్వి, ఆయన ప్లేటులో ఇంకో రెండు వేయించాడు. ఇన్నాళ్ల కబురు ఆ నవ్వులో కొట్టుకుపోయింది. కానీ తెర మీద ముసలాయన అట్లాగే కమ్మీలు పట్టుకొని ఉన్నాడు. నవ్వు ఆగినంక అందరికీ మళ్లీ ఆయనే కనబడ్డాడు.

రోజులు గడిచాయి. తెర మీద ఎండ ఎర్రగా మారింది. సుజాత గోదాములో ఊడ్చినా గింజ రాలలేదు. ఆమె మనుషులు కొట్టుకోలేదు. నిజం ముందే తెలుసు కాబట్టి ఎవరినీ అనలేదు. ఒకరి పక్కన ఒకరు పడుకున్నారు. ముసలాయన కూడా వాళ్ల మధ్యనే పడుకున్నాడు. సుజాత ముక్కు చీదుకొని, మీటలు పక్కన పెట్టి, నా దాంట్ల ఎవ్వరూ ఒంటరిగ పోలేదని అన్నది, ఎవరితోనో కాదు, తనతో తాను అన్నట్టు.

దిల్షాద్ దగ్గర కూడా గోదాము అడుగంటింది. కాకపోతే తెర మూలన, ఆటలోని మనుషులకు కనబడకుండా ఆమె ముందే దాచిపెట్టిన బస్తా ఇంకోటి ఉంది. పాత యంత్రాల వెనక, మీద గుడ్డ కప్పి. హాల్లో అది మొదట చూసింది ఎవరో గానీ, చూపులన్నీ అటే తిరిగాయి. తెర మీద లోపలివాళ్లు గుమిగూడి పెద్దను అడిగారు: అవ్వా, నిజంగా ఏమీ లేదా? ఉందని చెప్పే మీట ఒకటి, లేదని చెప్పే మీట ఒకటి. ఉందంటే ఆ పూటే బస్తా ఖాళీ అవుతుందని దిల్షాద్‌కు తెలుసు. ఎన్ని దావత్‌లలో చూడలేదు, ఆఖరి గుండిగ ఉందని తెలిస్తే వడ్డించేవాళ్ల చేతులే ఆగవు.

లేదు అని నొక్కింది. చేయి వణకలేదు.

కహ్కషాన్ కండ్లు తెరిచి తల్లినే చూస్తున్నది. ఈ మీట తామే పెట్టారు, ఐలేశూ తానూ, చాలా రోజులు వాదించుకొని పెట్టారు. దాన్ని ఇంత నెమ్మదిగా నొక్కే మనిషి తమ ఇంట్లోనే ఉందని ఆమె అనుకోలేదు.

లోపలివాళ్లు బోరు నీళ్లు తాగి పడుకున్నారు. గేటు బయట ముసలాయన పిలవడం ఆపేశాడు. పొద్దున చూస్తే గొంగడి ఒక్కటే ఉంది. మాజిద్ దగ్గర మిగిలిన కొద్దిమందీ గుట్ట చుట్టూ తుపాకులు పట్టుకొని, ఒకరినొకరు నమ్మక నిద్రపోకుండా కూర్చున్నారు. దిల్షాద్ అప్పుడు గుడ్డ తీసింది. బస్తా విప్పి, రోజుకింత పిండి చేయించి, ఎసట్లో నీళ్లు ఎక్కువ పోసి అంబలి కాయించింది. తలా ఒక గరిటె. మరునాడు ముప్పావు గరిటె. ఆ తర్వాత అర. హాల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టారు. తనకు తెలియకుండానే ఎల్లస్వామి ప్రతి గరిటెకూ తలూపుతున్నాడు. మూడు భాగాల తెరలో ఇప్పుడు జనం చూపు ఒక్క భాగం మీదే ఉంది.

ఇంకొక్క పూట అన్నట్టు ఆమె గరిటె ఎత్తబోతుండగా తెర మసకబారింది. కరెంటు పోయిందనుకున్నారు. కాదు. మబ్బు.

మొదటి చినుకు పత్తిమిల్లు రేకుల మీద టప్పున పడింది. తర్వాత ఒక్కసారిగా కుండపోత. పెద్ద స్పీకర్లలో ఆ వాన చప్పుడు హాలును దద్దరిల్లజేసింది. లోపలివాళ్లంతా, పిల్లలు, బోరు తోడినవాళ్లు, పొయ్యి ఊదినవాళ్లు, ఒక్కరు తగ్గకుండా బయటికి ఉరికి ముఖాలు పైకెత్తి నిలబడ్డారు. ఎవరూ ఇంతవరకు చూడని ఆట ముగింపు అది. ఐలేశ్ లేచి నిలబడ్డాడు. జనం కుర్చీలెక్కారు. చప్పట్లు, ఈలలు, జనగామ జనగామ అని కేకలు. భూపాలపల్లి మాజిద్ తన మీటలు వదిలేసి పరుగెత్తుకొచ్చి, అమ్మీజాన్ సలాం అని ఆమె చేయి కండ్లకు అద్దుకున్నాడు. ఫకీర్ అహ్మద్ బజ్జీ పట్టుకునే ఏడ్చాడు, ఈసారి నిజంగానే.

దిల్షాద్ కుర్చీలో వెనక్కి వాలింది. ఒళ్లంతా తేలికైంది. లగ్గంలో ఆఖరి బంతి లేచినంక వచ్చే సంతోషమే ఇది, కాకపోతే పదింతలు. ఎంత ఎండలో, ఎంత కరువులో, ఎంతమందిని ఒడ్డుకు చేర్చింది. తన చేయి మీద తనకు ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని తెర వంక చూసి నవ్వింది.

అప్పుడు కనబడింది ఆమెకు. బస్తా అడుగున ఇంకా జొన్నలున్నాయి. ఒక మనిషికి కొన్నాళ్లు సరిపోయేటన్ని. ఎందుకున్నాయో ఆమెకు తెలుసు. గుండిగ ఎన్నడూ అడుగు దాకా ఊడ్వరు. పిడికెడైనా మిగల్చాలి, లేకుంటే ఇంట్లో బర్కత్ ఉండదు, ఉన్నది నిలవదు. వాళ్లమ్మ చేసింది, ఆమె చేసింది, ఈ హాల్లో ఉన్న ఆడవాళ్లంతా ఇండ్లల్లో చేసేదే. ఆటలోనూ రోజూ కొలిచేటప్పుడు ఆమె గరిటె తనంతట తానే ఆ అడుగును వదిలిపెడుతూ వచ్చింది. నవ్వు ఆమె ముఖం మీద అట్లాగే ఉంది, కాకపోతే కొంచెం బిగుసుకుంది. పక్కకు చూస్తే, ముందు వరసలో లచ్చమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టకుండా, కండ్లద్దాలు సర్దుకొని, ఆ బస్తా అడుగునే చూస్తున్నది.

ఎల్లస్వామి మైకు అందుకున్నాడు. హాలు తనది, మైకు తనది, మాట్లాడకుండా ఉండలేడు. ఇంత కరువుల ఇంతమందికి సరిపెట్టిన చేయి నా బిడ్డ లగ్గంల సరిపెట్టదా అని జనాన్ని అడిగాడు. సరిపెడ్తది అని జనం అరిచారు. ‘‘దిల్షాదమ్మా, నా మాట నేను వాపస్ తీసుకుంటున్న. రూప లగ్గానికి గుండిగ కాడ నువ్వే కూసోవాలె’’ అన్నాడు. దిల్షాద్ లేచి నిలబడి తలూపింది. మళ్లీ చప్పట్లు. కహ్కషాన్ వచ్చి తల్లి భుజం చుట్టూ చేయి వేసింది.

తెర మీద వాన తగ్గి, బతికినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట్లాడుతున్నారు. ఐలేశ్ రాసిన మాటలవి. మా పెద్ద ఉన్నది కాబట్టి మేమున్నం అన్నది బోరు తోడే ఆడమనిషి. ఆమె వెనకనున్న పిల్ల అదే అన్నది. వాళ్ల వెనకున్నవాళ్లూ అదే అన్నారు.

ఎల్లస్వామి మైకు దించకుండానే ముందు వరస వైపు తిరిగాడు. ‘‘విన్నవా లచ్చమ్మా? లోపలోళ్లందరు ఏమంటున్నరో విన్నవా?’’

లచ్చమ్మ కండ్లద్దాలు తీసి కొంగుకు తుడుచుకుంది.

‘‘బతికినోళ్లు గట్లనే అంటరు’’ అన్నది.